బర్రెకు "బలం మందు" కొనే ముందు ఆ డబ్బా మీద ఏం రాసుందో చూడండి

సంపాదకుల వారికి నమస్కారం.

మీ పేపర్లో వ్యవసాయం పేజీ నేను వదలకుండా చదువుతాను. బాగుంటుంది, అందులో అనుమానం లేదు. కానీ అదే పేజీ అడుగున నిగనిగలాడే బర్రె బొమ్మ వేసి, పాలు పెరుగుతాయి, ఫ్యాట్ పెరుగుతుంది, ఎదకొస్తుంది, చూడి నిలుస్తుంది అని ఒక్క డబ్బాకే లోకంలోని గుణాలన్నీ అంటగట్టే ప్రకటనలు కూడా వస్తున్నాయి. పైన డాక్టరు గారు మోతాదు చూసి వాడమని ఓపిగ్గా చెప్తుంటారు, కింద ఆ డబ్బావాడు మోతాదు మాటే ఎత్తడు. చదివే రైతుకి గుర్తుండేది బొమ్మే. దీని గురించే ఈ ఉత్తరం. కొంచెం పొడుగవుతుంది, కత్తిరించినా ఫరవాలేదు గానీ గొర్రెల గురించి రాసిన ముక్క మాత్రం తీసేయకండి.

నేను ఉప్పల్ వైపు దాణా దుకాణం నడుపుతాను. తవుడు, పత్తి గింజల చెక్క, పల్లి చెక్క, మక్క పిండి, కందిచూర, వాటితో పాటు మినరల్ మిక్చర్ (ఖనిజ లవణాల పొడి) ప్యాకెట్లు, కాల్షియం క్యాన్లు అన్నీ ఉంటాయి. తవుడు సంచి మీద మిగిలేది ఎంతో ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లకు తెలుసు, క్యాన్ మీద మిగిలేది ఎంతో కూడా తెలుసు. కాబట్టి ఈ ఉత్తరం నా గల్లాపెట్టెకి పెద్దగా మంచిది కాదు, మా లైన్లో ఉన్న మిగతా దుకాణాల వాళ్లకి అసలు నచ్చదు.

వచ్చే వాళ్లలో ఎక్కువమంది అడిగే తీరు ఒకటే. "సేట్, బర్రె నీరసంగ ఉంది, బలానికి ఏదన్న ఇయ్యి." ఎన్నో ఈత, ఈని ఎన్నాళ్లయింది, ఇప్పుడు చూడిదా, పాలిస్తోందా, వట్టిపోయిందా, వరిగడ్డి ఒక్కటే వేస్తున్నారా, పచ్చిగడ్డి కూడా పడుతోందా, పురుగుల మందు ఎప్పుడు తాగించారు? ఇవన్నీ అడిగితే కొందరు విసుక్కుంటారు. "అవన్ని నీకెందుకు సేట్, నాలుగు దుకాణాలు దాటితే అడగకుండనే ఇస్తరు" అంటారు. నిజమే, ఇస్తారు. జనం లెక్కలో విటమిన్లు, ఖనిజాలు అంటే అన్నీ కలిపి ఒకటే సరుకు, దాని పేరు బలం, ఎంత పోస్తే అంత మంచిది. కానీ పశువు ఒంట్లో వాటిలో ఒక్కోదానికి ఒక్కో పని, ఒక్కో హద్దు ఉన్నాయి, పైగా ఒకటి ఎక్కువైతే ఇంకోదాన్ని పనిచేయనివ్వదు.

కాల్షియంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే అందరూ అడిగేది అదే. బర్రె పాలలో లీటరుకి దగ్గరదగ్గర 1.8 గ్రాముల కాల్షియం ఉంటుంది, ఆవు పాలలో 1.2 గ్రాములు. పది లీటర్లిచ్చే బర్రె ఒంట్లోంచి రోజుకు 18 గ్రాములు పొదుగు దారిన బయటికి పోతోందన్నమాట. అంత పెద్ద జంతువు రక్తంలో ఏ క్షణాన చూసినా తిరుగుతూ ఉండే కాల్షియం మొత్తం మూడు నాలుగు గ్రాములే, మిగతాదంతా ఎముకల్లో నిల్వ. ఈనగానే పాలు ఒక్కసారిగా దిగేసరికి, రక్తంలో ఉన్నదానికి ఐదారు రెట్లు ప్రతిరోజూ ఎముకల నుంచి, పేగుల నుంచి లాక్కొచ్చి పోయాలి. ఆ పని చేయించేవి మెడలో ఉండే చిన్నచిన్న గ్రంథులు, పారాథైరాయిడ్ అంటారు. వాటికి విటమిన్ డి తోడు కావాలి, మెగ్నీషియం కూడా సరిపడా ఉండాలి, లేకపోతే గ్రంథి చెప్పినా ఒళ్లు వినదు.

ఇప్పుడు మనవాళ్లు చేసేది చూడండి. చూడి బర్రె, ఇంకో నెలలో ఈనుతుంది, ముందే బలం పట్టిద్దామని దాణాలో రోజూ గుప్పెళ్లకొద్దీ కాల్షియం పొడి కలుపుతారు. ప్రేమతోనే కలుపుతారు పాపం. తినేదాంట్లోనే బోలెడంత దొరుకుతుంటే ఆ గ్రంథులకు పనేముంటుంది, మొద్దుబారి కూర్చుంటాయి. ఈనిన రోజున హఠాత్తుగా గిరాకీ వచ్చిపడితే అవి లేచి పనిలో పడటానికి రెండు మూడు రోజులు పడుతుంది, ఆ మధ్యలోనే పశువు కూలబడుతుంది. అదే పాలజ్వరం. ఒళ్లు కాలదు, చల్లబడుతుంది, చెవులు ముట్టుకుంటే మంచులా ఉంటాయి, ముట్టె ఆరిపోతుంది, పేడ వేయదు, మెడ ఒక పక్కకి తిప్పి డొక్కకి ఆనించి పడుకుంటుంది. ఎక్కువ పాలిచ్చే సంకర ఆవుల్లో, మూడో ఈత దాటిన వాటిలో ఇది మరీ ఎక్కువ. ఏ కాల్షియం తగ్గకూడదని నెలంతా పోశారో దాని లోటుతోనే పడిపోతుంది. పొటాషియం మరీ ఎక్కువుండే గడ్డి మేపినా ఇలాగే అవుతుంది, అది వేరే లెక్క. ఈనబోయే ముందు మూడు వారాలు కాల్షియం మితంగా ఉంచి, ఈనగానే పెంచాలని పశువైద్యులు చెప్తూనే ఉంటారు, వినేవాళ్లు తక్కువ.

పడిపోయిన బర్రెకి డాక్టరు నరానికి కాల్షియం ఎక్కిస్తే చాలాసార్లు కాసేపట్లోనే లేచి నిలబడుతుంది. చూసినవాళ్లకి అదొక మాయలా ఉంటుంది, అందుకే కాల్షియం మీద అంత నమ్మకం. కానీ ఆ సీసా ఎంత నిదానంగా ఎక్కించాలో, గుండె కొట్టుకోవడం వింటూ ఎందుకు ఎక్కించాలో అది తెలిసినవాడికే తెలుసు. గబగబా ఎక్కిస్తే గుండె అక్కడికక్కడే ఆగిపోవచ్చు. మా దగ్గర సీసా కొనుక్కుని "మా తమ్ముడు ఎక్కిస్తడు, వానికి సూది వేసుడు వచ్చు" అనేవాళ్లకు నేను ఇవ్వను, గొడవ పడినా సరే.

మరి ఆ కాల్షియం ద్రవం క్యాన్ సంగతి. మా అరలో ఉన్నదొకటి తీసి చదివాను. ముందువైపు ఆవు, దూడ, ఉదయించే సూర్యుడు. వెనకవైపు చీమంత అక్షరాల్లో, ఇంగ్లీషులో, 100 మిల్లీలీటర్లకు కాల్షియం మూడు గ్రాముల చిల్లర, ఫాస్ఫరస్ అందులో సగం, విటమిన్ డి3, బి12. పైన చెప్పిన లెక్కతో చూడండి. మూడు గ్రాములు అంటే రెండు లీటర్ల బర్రె పాలలో పోయేదానికి కూడా చాలదు. ఇందులో మోసం ఉందని నేననడం లేదు, డబ్బా మీద రాసిందే లోపలుంది. కానీ దాన్ని నమ్ముకుని మినరల్ మిక్చర్ మానేస్తేనే నష్టం. మంచి మినరల్ మిక్చర్ 50 గ్రాములు దాణాలో కలిపితే అంతకంటే చాలా ఎక్కువ కాల్షియం, దాంతో పాటు ఫాస్ఫరస్, జింక్, రాగి, మాంగనీస్, కోబాల్ట్, అయోడిన్ కూడా వెళ్తాయి, ఖర్చూ తక్కువే. పాల దిగుబడిని బట్టి రోజుకు 50 నుంచి 100 గ్రాములు మామూలుగా చెప్పే మోతాదు, ఇంకా ఎక్కువిచ్చే పశువుకి డాక్టరు పెంచి చెప్తారు. ఈ సంగతి చెప్పి ప్యాకెట్ చేతిలో పెడితే "ఇది మట్టి లెక్క ఉంది సేట్, ఆ ఎర్ర మందే ఇయ్యి" అంటారు. రంగుకి, తియ్యటి వాసనకి ఉన్న గిరాకీ పొడికి లేదు.

కాల్షియం మోజులో పడి మన దగ్గర అందరూ మరిచిపోయేది ఫాస్ఫరస్. మన పశువుల కడుపు నింపేది వరిగడ్డి. అందులో ఫాస్ఫరస్ చాలా తక్కువ. కాల్షియం కొంత ఉన్నా ఆ గడ్డిలోనే ఉండే ఆక్సలేట్ అనే పదార్థం దాన్ని పట్టేసుకుంటుంది, ఒంటికి పట్టేది కొంచెమే. తవుడులో దీనికి పూర్తిగా తలకిందులు, ఫాస్ఫరస్ దండిగా, కాల్షియం బహు తక్కువ. అందుకని వరిగడ్డితో పాటు తవుడు పడే పశువుకీ, వట్టి వరిగడ్డి మీదే ఉన్న పశువుకీ ఒకే డబ్బా రాయడం కుదరదు. ఫాస్ఫరస్ తగ్గిన పశువు గోడలు నాకుతుంది, మట్టి తింటుంది, చెప్పులు, బట్టలు, ఎముకలు నములుతుంది. నగరంలో చెత్తకుండీల దగ్గర కవర్లు తినే ఆవులన్నీ ఖనిజాల లోటుతోనే తింటున్నాయని అనలేం, ఆకలి కూడా ఉంటుంది, కడుపులో పురుగులు కూడా ఉంటాయి. కానీ కొట్టంలో కట్టేసి కడుపు నిండా మేత పెట్టిన బర్రె కూడా తాడు నములుతోందంటే ముందు పురుగుల మందు, తర్వాత ఫాస్ఫరస్ గురించి ఆలోచించాలి. దక్షిణాఫ్రికాలో ఆర్నాల్డ్ థైలర్ అనే పశువైద్యుడు వందేళ్ల కిందటే దీన్ని పట్టుకున్నాడు. అక్కడి బయళ్లలో గడ్డిలో ఫాస్ఫరస్ లేక పశువులు చచ్చిన జంతువుల ఎముకలు కొరికేవి, ఆ ఎముకల మీది కుళ్లులో పుట్టే బాటులిజం విషంతో కాళ్లు పడిపోయి చచ్చేవి. లోటు చంపలేదు, లోటు తినిపించింది చంపింది.

ఈనిన కొద్ది వారాలకి బర్రె ఎర్రగా, కాఫీ డికాక్షన్ రంగులో మూత్రం పోస్తే మన వాళ్లు దిష్టి అంటారు, ఏదో పిచ్చి ఆకు తిన్నదంటారు. ఎక్కువ పాలిచ్చే బర్రెల్లో ఫాస్ఫరస్ బాగా పడిపోతే ఎర్ర రక్తకణాలు పగిలి అలా అవుతుంది. పిడుదుల వల్ల వచ్చే జ్వరాల్లో కూడా మూత్రం ఎర్రబడుతుంది కాబట్టి ఇంట్లో కూర్చుని తేల్చే విషయం కాదు, రక్తం పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా, రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతిని 1925లో లోకానికిచ్చిన ఇద్దరిలో ఒకాయన మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఫిస్కే అనే ఆయనతో కలిసి చేశారు, ఇద్దరి పేర్ల మీదే దాన్ని పిలుస్తారు. ఫోలిక్ యాసిడ్ అంటే కొందరికైనా ఆయన గుర్తొస్తారు, ఫాస్ఫరస్ అంటే ఎవరికీ గుర్తురారు. ఎర్ర మూత్రం పోసే బర్రెకి కాల్షియం సీసా ఎక్కించి ఊరుకుంటే ఆయన కష్టం వృథా అయినట్టే.

ఇక విటమిన్ ఎ. దీని విషయంలో హైదరాబాద్ తబేలాలు (పాల బర్రెల కొట్టాలు) ఊళ్లకంటే ఒక రకంగా నయం, ఇంకో రకంగా అధ్వానం. పచ్చిగడ్డిలో ఉండే కెరోటిన్ నుంచి పశువు విటమిన్ ఎ తయారుచేసుకుంటుంది. బర్రె దాన్ని దాదాపు పూర్తిగా మార్చేస్తుంది కాబట్టే దాని పాలు తెల్లగా, ఆవు పాలు కొంచెం పసుపుగా ఉంటాయి. ఎండిన వరిగడ్డిలో కెరోటిన్ ఉండదనే చెప్పాలి. కాలేయంలో నిల్వ ఉన్నంతకాలం నెట్టుకొస్తుంది, ఎండాకాలం పొడుగైతే నిల్వ అయిపోతుంది, అప్పుడు మసక వెలుతురులో గోడకి గుద్దుకుంటుంది, ఎద తప్పుతుంది, పుట్టే దూడలు గుడ్డివిగా, నీరసంగా పుడతాయి. మన నగరంలో మూసీ ఒడ్డున ఏళ్లుగా పారాగడ్డి పండుతోంది, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుంది, తబేలాలకి అదే ఆధారం. కెరోటిన్‌కి కొదవ లేదు. కానీ ఆ గడ్డి తాగేది ఏ నీళ్లో మనకందరికీ తెలుసు. మురుగులో, ఫ్యాక్టరీల నీళ్లలో వచ్చే సీసం, కాడ్మియం లాంటివి గడ్డిలోకి ఎక్కుతాయి, కాడ్మియం ఒంట్లో చేరితే జింక్‌కి, రాగికి అడ్డుపడుతుంది. అంటే ఒక చేత్తో విటమిన్ ఇచ్చి ఇంకో చేత్తో ఖనిజాలకు గండి కొట్టే గడ్డి అది. ఆ గడ్డినీ, ఆ పాలనీ ఎప్పటికప్పుడు పరీక్షించి ఫలితం తెలుగులో జనం ముందు పెట్టమని అడగడానికి మీలాంటి పత్రికే ముందుకు రావాలి, మా బోటి దుకాణాల మాట ఎవరు వింటారు.

విటమిన్ ఎ దగ్గరే ఇంకో మాట, ఇది చదివి చాలామంది కోప్పడతారు. జున్ను. మా ఆవిడకీ ప్రాణం, నాకూ ఇష్టమే. కానీ అప్పుడే పుట్టిన దూడ ఒంట్లో విటమిన్ ఎ నిల్వ లేనట్టే లెక్క, రోగాలని తట్టుకునే శక్తి కూడా దాదాపు సున్నా. రెండూ దానికి ముర్రుపాల నుంచే రావాలి, అదీ పుట్టిన మొదటి కొన్ని గంటల్లోనే, గంటలు గడిచేకొద్దీ దూడ పేగు ఆ రక్షణ పదార్థాలని పీల్చుకోవడం మానేస్తుంది. దూడ బరువులో పదో వంతు ముర్రుపాలు మొదటి రోజు పట్టించమంటారు, అంటే 30 కిలోల దూడకి మూడు లీటర్లు. తబేలాలో మొదటి పాలు ఎవరింటికి వెళ్లాలో బర్రె ఈనకముందే బుక్ అయిపోయి ఉంటాయి, దున్నదూడ పుట్టిందా, దానికి ఆ నాలుగు చుక్కలు కూడా దక్కవు. తర్వాత ఆ దూడ పారుకుంటుంటే మా దగ్గరికొచ్చి విటమిన్ చుక్కల సీసా అడుగుతారు. జున్ను తినొద్దని చెప్పేవాణ్ని కాదు, దూడ తాగాక మిగిలింది తినండి అంటున్నా, మిగులుతుంది కూడా.

బి కాంప్లెక్స్ సీసాల గురించి తొందరగా ముగిస్తాను. నెమరేసే పశువు పెద్ద పొట్టలో కోట్లాది సూక్ష్మజీవులుంటాయి, బి విటమిన్లన్నీ అవే తయారుచేసి పెడతాయి. మేత సరిగ్గా తింటున్న, ఆరోగ్యంగా ఉన్న బర్రెకి నెలనెలా బి కాంప్లెక్స్ పోయడం అనవసరం. మేత మానేసి రోజులైతే, జబ్బు పడి లేస్తుంటే అప్పుడు డాక్టరు రాస్తారు, అది వేరు. బి12 మాత్రం ఆ సూక్ష్మజీవులు కూడా కోబాల్ట్ లేకుండా చేయలేవు. ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో గడ్డి మోకాలెత్తు పెరిగిన బయళ్లలోనే గొర్రెలు, పశువులు ఎండుకుపోయి చచ్చేవి, కారణం తెలిసేది కాదు, మొదట ఇనుము లోటు అనుకున్నారు. 1935లో ఆస్ట్రేలియా వాళ్లు అది కోబాల్ట్ లోటని తేల్చారు. బి12 అనేదాన్ని వేరుచేసింది 1948లో, దాని నడిమధ్యన కోబాల్ట్ ఉందని అప్పుడు తెలిసింది. పశువుకి కావలసింది రోజుకు ఒకటి రెండు మిల్లీగ్రాముల పాటి మోతాదే, అది మినరల్ మిక్చర్లో ఉంటుంది.

ఇప్పుడు గొర్రెలు. ఇది తీసేయొద్దన్నది అందుకే. 2017లో తెలంగాణ ప్రభుత్వ గొర్రెల పంపిణీ మొదలైనప్పటి నుంచి, అంతకుముందు మందలు లేని ఇళ్లకి కూడా గొర్రెలొచ్చాయి, నగరం చుట్టుపక్కల ఫామ్‌హౌస్‌ల వాళ్లు కూడా సరదాగా పెంచుతున్నారు. తరతరాలుగా మంద కాసిన గొల్ల కురుమలకి చెప్పక్కర్లేదు, వాళ్లు గొర్రెకేం పడదో నడక చూసి చెప్తారు. కొత్తవాళ్లు మాత్రం బర్రెల మినరల్ మిక్చర్నే గొర్రెలకీ కలుపుతున్నారు, "చిన్న జీవి కదా, సగం వేస్తున్నాం" అంటారు. గొర్రె ఒంటికి రాగిని సరిగ్గా బయటికి పంపడం చేతకాదు. బర్రెకి అవసరమైన రాగి గొర్రె కాలేయంలో వారాల తరబడి, నెలల తరబడి చప్పుడు చేయకుండా పేరుకుంటుంది. బయటికి గొర్రె బాగానే కనిపిస్తుంది. ఏదో ఒక రోజు వర్షంలో తడిసో, లారీలో దూరం తరలించో, మేత మారో ఒంటికి కష్టం తగిలితే కాలేయంలోని రాగి ఒక్కసారిగా రక్తంలోకి దిగుతుంది, రక్తకణాలు పగిలిపోతాయి, కళ్లు పచ్చబడతాయి, మూత్రం నల్లగా వస్తుంది, ఒకటి రెండు రోజుల్లో చచ్చిపోతుంది. అప్పుడు రోగం వచ్చిందనుకుని టీకాల కోసం పరిగెత్తుతారు. మేక దీన్ని కొంత తట్టుకుంటుంది, గొర్రె తట్టుకోదు. గొర్రెలకని విడిగా తయారయ్యే మిక్చర్లో రాగి కలపరు, కలిపినా బహు తక్కువ. దుకాణంలో అది లేకపోతే లేదని వెనక్కి రండి, బర్రెలది మాత్రం తేవొద్దు.

ఇంకోటి, ఇది మన నల్లగొండ వైపు వాళ్ల కోసం. అక్కడి నీళ్లలో ఫ్లోరైడ్ మనుషుల ఎముకలు వంచేసిన సంగతి దేశమంతా చూసింది, అదే నీళ్లు తాగిన పశువుల పళ్లు గారపట్టి అరిగిపోవడం, కాళ్లు పట్టేసి కుంటడం అంత వార్త కాలేదు. చవక మినరల్ మిక్చర్లలో ఫాస్ఫరస్ కోసం శుద్ధి చేయని రాక్ ఫాస్ఫేట్ కలిపితే దాంతోపాటు ఫ్లోరిన్ కూడా వస్తుంది. అందుకే మినరల్ మిక్చర్‌కి ఉన్న ఐఎస్ 1664 ప్రమాణంలో ఫ్లోరిన్‌కి పై హద్దు పెట్టారు. ప్యాకెట్ మీద ఆ నంబరు, ఐఎస్ఐ గుర్తు ఉన్నాయో లేదో చూడటానికి చదువు అక్కర్లేదు. నీళ్లలోనే ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లలో ఏ గుర్తూ లేని తెల్లపొడి సంచి చవగ్గా వచ్చిందని కొనడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

సిటీ జనం ఇదంతా పల్లెల సంగతి అనుకోవద్దు. అపార్ట్‌మెంట్లలో జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ పిల్లల్ని తెచ్చుకుంటారు, ప్యాకెట్ ఫుడ్ పెడతారు, అందులో కాల్షియం సరిపడా కలిపే ఉంటుంది, దానిమీద పొద్దునా సాయంత్రం కాల్షియం సిరప్ పోస్తారు. త్వరగా ఎదిగే పెద్ద జాతుల కుక్కపిల్లకి ఎక్కువైన కాల్షియం ఎముకల్ని, కీళ్లని వంకర చేస్తుంది. ఇంకొందరు వట్టి చికెన్ కూరముక్కలతో పెంచుతారు, అక్కడ కాల్షియం నిజంగానే చాలదు, ముందరి కాళ్లు వంగిపోతాయి. రెండిళ్లవాళ్లూ అడిగేది ఒకే సీసా. ఎండలో పడుకోబెడితే విటమిన్ డి వస్తుందని కూడా అనుకుంటారు, మనకి వస్తుంది గానీ కుక్కకి, పిల్లికి చర్మం మీద అది సరిపడా తయారుకాదు, తిండిలోంచే రావాలి. పిల్లికి కెరోటిన్‌ని విటమిన్ ఎ చేసుకోవడం రాదు, అలాగని రోజూ లివరే పెడితే విటమిన్ ఎ ఎక్కువై మెడ తిప్పలేకుండా పట్టేస్తుంది. పిల్లలు ముచ్చటపడి తెచ్చుకునే గినియా పిగ్ మనలాగే విటమిన్ సి తయారుచేసుకోలేని జీవి, దానికి రోజూ కొంచెం కాప్సికమ్ ముక్కో, కొత్తిమీరో పడాలి. ఇంటి కోళ్లకైతే ఒక్కో గుడ్డు పెంకులోనే రెండు గ్రాముల కాల్షియం పోతుంది, ఒక గిన్నెలో ఆల్చిప్పల పొడి విడిగా పెడితే ఎంత కావాలో అదే చూసుకుని తింటుంది. ఆ మాత్రం తెలివి ఆ కోడికుంది.

నేను కోరేవి ఎక్కువేం లేవు. ప్రకటనలు మానేయమని అడగను, పేపరు కూడా నడవాలి. పశువుల మందుల ప్రకటన వ్యవసాయం పేజీలో కాకుండా వేరే పేజీలో వేయండి. ఆ ఖాళీలో రాజేంద్రనగర్‌లోని పశువైద్య విశ్వవిద్యాలయం వాళ్ల చేత, అక్కడే ఉన్న కోళ్ల పరిశోధన సంస్థ వాళ్ల చేత వారానికి ఒక చిన్న పెట్టె రాయించండి, ఒకసారికి ఒక పశువు, ఒక దశ, ఒక మోతాదు, అంతే. వాళ్లు రాసేది మరీ పాఠంలా ఉంటే మీ డెస్కు వాళ్లు సరిచేస్తే సరి. ప్రభుత్వం వైపు నుంచి కావలసింది ఒకటే, తెలంగాణలో అమ్మే ప్రతి ప్యాకెట్ మీద ఏ పశువుకి, ఏ దశలో, ఎన్ని గ్రాములు, ఎవరికి వేయకూడదు అనేది తెలుగులో పెద్ద అక్షరాల్లో ఉండాలి. "గొర్రెలకు వాడరాదు" అన్న రెండు మాటలు అచ్చువేయడానికి కంపెనీకి ఎంత ఖర్చవుతుంది చెప్పండి. పశువు పడిపోయినప్పుడు దుకాణానికి పరిగెత్తే బదులు 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుందన్న సంగతి కూడా మీ పేజీలో రోజూ ఒక మూల వేయొచ్చు. మా దుకాణం గోడకి నేను రాయించాను, కొందరు దాని కిందే నిలబడి సూదిమందు అడుగుతుంటారు, అది వేరే సంగతి.

ఉంటాను.

ఒక దాణా వ్యాపారి,
ఉప్పల్, హైదరాబాద్.
(పేరు, దుకాణం పేరు వేయవద్దని మనవి.)

తా.క.: సున్నం నీళ్లు పోస్తే చాలదా, డబ్బులెందుకు దండగ అని అడిగేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఇది కూడా రాస్తున్నా. సున్నం నానబెట్టి పైన తేరిన తేట వంచి పోస్తారు కదా, సున్నం నీళ్లలో కరిగేదే చాలా తక్కువ, లీటరు తేటలో కాల్షియం ఒక గ్రాము కూడా ఉండదు, ఫాస్ఫరస్ అసలే ఉండదు. అడుగున ఉన్న ముద్ద పోస్తే నోరు, గొంతు కాలుతుంది. మీకు చవకే కావాలంటే దాణా తయారీకి వాడే సున్నపురాయి పొడి అడగండి, అందులో 38 శాతం దాకా కాల్షియమే, తవుడు ఎక్కువ తినే పాల బర్రెకి కాల్షియం వరకు అదే సరిపోతుంది. ఉప్పు విడిగా వేయడం మాత్రం మరిచిపోవద్దు.